తొంభై వస్తేనే పొయ్యి

నేను ఒక పలకను. సుద్దముక్కతో రాసి తడిగుడ్డతో తుడిచే పలకను కాదు లెండి. కరెంటు తాగి, వేలితో తాకితే వెలిగే పలకను. జనం నన్ను ట్యాబ్ అంటారు. సముద్రాల అవతల ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. ఆ పూట నాతోపాటు పుట్టినవాళ్ళు నాలుగు వేలమంది. వాళ్ళలో చాలామంది సినిమాలు చూపిస్తూ, పసిపిల్లల చేత నాలుగు ముద్దలు తినిపిస్తూ హాయిగా కాలక్షేపం చేస్తున్నారు. నా నుదుట మాత్రం మతిమరుపు రాసిపెట్టి ఉంది. నాది కాదు, మీది.

గుంటూరులో ఒక క్లినిక్కు వాళ్ళు నన్ను తెచ్చి, నాలో ఉన్న సరదాలన్నీ పీకేసి, జ్ఞాపకానికి కసరత్తు చేయించే ఆటలు పెట్టారు. మతిమరుపు మొదలైంది గానీ ఇంకా ముదరలేదు అనుకున్న పెద్దవాళ్ళ ఇళ్ళకు నన్ను పంపుతారు. ఎనిమిది వారాలు, వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. పది సరుకులు చూపించి దాచేసి, ఏమేం చూశారో చెప్పమంటాను. ఎనిమిది ముఖాలూ వాటి పేర్లూ చూపించి, కాసేపాగి ఎవరు ఎవరో అడుగుతాను. తప్పు చెబితే నాలోంచి ఒక ఆడగొంతు, "పర్వాలేదండీ, మళ్ళీ ప్రయత్నిద్దాం!" అంటుంది. నాకున్న నోరల్లా అదే. ఎంత చూసినా, ఎంత తెలిసినా అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడలేను.

ఆట అయ్యాక నూటికి ఒక అంకె చూపిస్తాను. వారానికోసారి ఆటను కాస్త కష్టం చెయ్యాలా, తేలిక చెయ్యాలా అని తేల్చుకోవడానికి ఆ అంకె. అంతకు మించి దానికి ప్రయోజనం లేదు. కానీ నన్ను తయారుచేసినవాళ్ళకు పాపం గుంటూరు సంగతి తెలియదు. నూటికి ఇన్ని అని ఏ అంకె కనపడినా ఇక్కడ దాన్ని మార్కులు అంటారనీ, మార్కులన్నాక ర్యాంకు ఉండాలనీ, ర్యాంకన్నాక ఎవరో ఒకరిని ఏడిపించి తీరాలనీ వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

నేను వెళ్ళిన మొదటి ఇల్లు ఒక రిటైర్డు తహసీల్దారు గారిది. ఆ ఇంటి కోడలు మహా జాగ్రత్తపరురాలు. "క్లినిక్కు వస్తువు, గీత పడితే మాటొస్తుంది," అని నన్ను పట్టుబట్టలో చుట్టి బీరువాలో పెట్టింది. శుక్రవారం శుక్రవారం బయటికి తీసి, ఛార్జింగు పెట్టి, మూలన ఒక బొట్టు పెట్టి, మళ్ళీ లోపల పెట్టేది. ఎనిమిది వారాలయ్యాక కొత్త పెళ్ళికూతుర్ని పంపినట్టు పంపించింది. "చాలా జాగ్రత్తగా వాడామండీ," అని సంతకం కూడా పెట్టింది. ఆ తహసీల్దారు గారు నా ముఖం ఒక్కసారైనా చూసిన పాపాన పోలేదు. అయినా చెబుతున్నాను, తరవాతి ఇంటితో పోలిస్తే అది స్వర్గం.

తరవాతి ఇల్లు బ్రాడీపేటలో ఒక మేడ కింది వాటా. ఇంటాయన చక్రధరరావు గారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్సు చెప్పి, ఎంట్రన్సు పరీక్షలకు తోమి రిటైరైన మనిషి. ఆయన చేతి కింద చదివి ఇంజనీర్లయినవాళ్ళు ఊరికొకరు ఉన్నారు. ఆయన పేరు చెబితే ఇప్పటికీ అరిచేతులు వెనక్కి దాచుకునేవాళ్ళు అంతకంటే ఎక్కువమందే ఉన్నారు. ఆయన భార్య శేషారత్నం గారికి అరవై ఎనిమిదేళ్ళు. ఈ మధ్య ఆవిడ అడిగిందే అడుగుతోంది, పిలవబోయిన పేరు నాలుక చివర ఆగిపోతోంది. కళ్ళజోడు ఒకసారి కందిపప్పు డబ్బాలో దొరికింది. డాక్టరు చూసి, ఇది స్వల్పమే, ముదరకపోవచ్చు కూడా, మెదడుకు పని చెబుతూ ఉండండి అన్నాడు. ఆ పనే నేను.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ నేను రావడానికి రెండు నెలల ముందు ఆ ఇంట్లో ఒక సంగతి జరిగింది. ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు ఇగిరిపోయి, గిన్నె మాడి బొగ్గయి, వంటిల్లంతా పొగ కమ్మింది. శేషారత్నం గారు మేడమీద ఆరేసిన బట్టలు తీస్తున్నారు. కిందికి పరుగెత్తుకొచ్చేసరికి చక్రధరరావు గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. "ఇల్లు తగలబెడతావా?" అన్నారు. పాలు పెట్టినట్టు ఆవిడకు గుర్తులేదు. "గుర్తులేదండీ. నేనే పెట్టి ఉంటాను," అంది. గుర్తులేదని ఒకసారి ఒప్పుకున్న మనిషి మీద ఏ నేరమైనా మోపవచ్చు, కాదని చెప్పడానికి ఆ మనిషి దగ్గర ఏమీ ఉండదు. చూశారా, మీవాళ్ళ న్యాయం ఎంత సులువో!

ఆ మర్నాడే మాస్టారు గ్యాసు పొయ్యికి ఉన్న రెండు నాబులూ ఊడబీకి లాల్చీ జేబులో వేసుకున్నారు. అప్పట్నించి ఆ ఇంటికి కూరా పప్పూ కర్రీ పాయింటు నించి పొట్లాల్లో వస్తున్నాయి. శేషారత్నం గారంటే ఆ వీధిలో కందిపొడికీ, గోంగూర పచ్చడికీ, మజ్జిగపులుసుకీ పెట్టింది పేరు. అలాంటి మనిషి పొద్దున్నే లేచి, వెలిగించే వీల్లేని పొయ్యిని తడిగుడ్డతో తుడిచి, ఓ బొట్టు పెట్టి, దానికేసి చూస్తూ నిలబడేది. మీకు చెప్పలేను గానీ, ఆ నిలబడటం చూస్తే నాలాంటి గాజుముక్కకే మనసు కలుక్కుమనేది.

నన్ను తెచ్చి అప్పగించింది క్లినిక్కు అమ్మాయి ఫిలోమినా. పని తెలిసిన పిల్ల. "మాస్టారూ, ఇవి మార్కులు కాదండీ, కసరత్తు," అని మూడుసార్లు చెప్పింది. "రోజుకి అరగంట చాలు. అమ్మని అమ్మలాగే ఆడనివ్వండి. పక్కన కూచుని అందించొద్దు, తిట్టొద్దు."

"నాకు చెబుతున్నావా అమ్మా?" అన్నారు మాస్టారు నవ్వుతూ. ఆ నవ్వు చూడగానే నాకు అర్థమైపోయింది, ఆయన ఒక్క ముక్క వినలేదని.

మొదటిరోజు శేషారత్నం గారికి యాభై నాలుగు వచ్చింది. మొదటిరోజుకు అది చక్కటి అంకె. మాస్టారు ముఖం మాత్రం కందగడ్డయింది. "యాభై నాలుగా! మన కామర్సు లెక్చరరు వాళ్ళావిడకి ఎనభై ఎనిమిదంట. రేపు వాకింగులో ఆయనకి నా ముఖం ఎట్టా చూపించను?" అని ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "చూడు రత్నం. తొంభై వస్తేనే పొయ్యి. అప్పటిదాకా కర్రీ పాయింటే."

"నాకు పదో తరగతిలోనే తొంభై రాలేదండీ, ఇప్పుడెట్టా వస్తయ్?" అంది ఆవిడ. అంది గానీ, కళ్ళు మాత్రం ఆయన జేబు మీదే ఉన్నాయి.

మర్నాటికల్లా గోడ మీద టైంటేబుల్ వెలిసింది. తెల్లారగట్ల అయిదు నించి ఆరు ముఖాలు, ఆరు నించి ఏడు సరుకులు, టిఫిను తరవాత స్లిప్ టెస్టు, సాయంత్రం స్టడీ అవరు, ఆదివారం గ్రాండ్ టెస్టు. తప్పు చెప్పిన పేరు పదిసార్లు రాయాలి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి నోటుబుక్కు ముందేసుకుని "నీలంచీర ఆవిడ పేరు వైదేహి, నీలంచీర ఆవిడ పేరు వైదేహి" అని రాస్తూ కూర్చుంటే, ఆ వైదేహి ఎవరండీ? నాలో ఉన్న ఒక బొమ్మ. రేపు ఆట మారితే నీలంచీర ఇంకొకరు కడతారు. బట్టీ పట్టినందువల్ల ఒరిగేదేమీ లేదని నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెబుదామంటే, "పర్వాలేదండీ, మళ్ళీ ప్రయత్నిద్దాం!" తప్ప నోట మాట రాదాయె.

సరుకులకు ఆయన ఒక ఫార్ములా కనిపెట్టారు. ప్రతి సరుకులో మొదటి అక్షరం తీసి, వాటన్నిటినీ గుచ్చి ఒక మంత్రంలా చదవాలి. "బె-పె-ఆ-శ-క-స... చెప్పు!" అని బల్ల మీద కొట్టేవారు. ఆవిడ మంత్రం చెప్పేది, సరుకులు మరిచిపోయేది. వారం తిరిగేసరికి యాభై నాలుగు కాస్తా నలభై నాలుగుకు దిగింది. "శ్రద్ధ లేదు. అసలు శ్రద్ధే లేదు," అని ఆయన పళ్ళు కొరికారు.

ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. పొద్దున ఏడింటికి ఆయన వాకింగుకు వెళతారు. ఆ ముప్పావుగంటలో ఆవిడ నన్ను ఒళ్ళో పెట్టుకుని తన పద్ధతిలో ఆడుకునేది. బెండకాయలు, పెరుగు, ఆవాలు, శెనగపిండి, కరివేపాకు, సబ్బు... ఇవన్నీ చూపించానా, ఆవిడ కళ్ళు మూసుకుని మనసులోనే పొయ్యి వెలిగించేది. "పెరుగు చిలికి శెనగపిండి కలుపుతా. బెండకాయలు వేస్తా. ఆవాలు, కరివేపాకు పోపు పెడతా. మరి సబ్బో? చెయ్యి కడుక్కోవద్దూ!" అని తనలో తనే నవ్వుకునేది. పదికి ఎనిమిది చెప్పేసేది. ముఖాలకైతే ఒక్కొక్కరికి ఒక్కో వంటకం వడ్డించేది. కోరమీసాలాయనకి గారెలు, కళ్ళజోడు పిల్లకి పులిహోర. అలా అరవై వచ్చింది, అరవై మూడొచ్చింది, అయిదో వారానికి అరవై ఆరొచ్చింది. ఎవరికీ చెప్పేది కాదు. తొంభై కాదుగా మరి!

ఇదిలా ఉండగా మాస్టారికి ఒక మధ్యాహ్నం చిరాకెత్తింది. ఆవిడ అన్నం తిని నడుం వాల్చింది. "ఇంత తేలికైనదానికి ఇంత రాద్ధాంతమా? నేనాడితే పది నిమిషాల్లో నూరు," అని గొణుక్కుంటూ, నా మీద ఉన్న ఆవిడ ఫొటో నొక్కి, ఆవిడ పేరు మీదే ఆడటం మొదలుపెట్టారు.

ముప్పై తొమ్మిది.

ఆయన అద్దాలు తుడుచుకున్నారు. తరవాత నన్ను తుడిచారు. "టచ్ సరిగా పనిచెయ్యట్లా," అన్నారు. మళ్ళీ ఆడారు. ముప్పై ఏడు. "ఇవన్నీ అవుటాఫ్ సిలబస్సు," అన్నారు. "పర్వాలేదండీ, మళ్ళీ ప్రయత్నిద్దాం!" అన్నాను నేను. "నోర్ముయ్," అన్నారు ఆయన. తన ఫార్ములా తనే రాసుకున్నారు. రాసిన కాగితం ఎక్కడ పెట్టారో వెతుక్కోవడానికి పావుగంట పట్టింది. కాగితం చొక్కా జేబులో ఉంది, ఆయనేమో సొరుగులన్నీ తిరగేశారు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ఆడారు. ఆ మర్నాడు కూడా. నాకు దాచుకోవడం చేతకాదు. ఎవరి ఫొటో నొక్కితే వాళ్ళ పేరు మీదే అన్నీ క్లినిక్కుకు పంపించేస్తాను. అలా ఆయన ముప్పైలన్నీ పాపం శేషారత్నం గారి పేరు మీద పోగయ్యాయి.

ఆరో వారం ఫిలోమినా ఫోను చేసింది. "మాస్టారూ, అమ్మగారికి పొద్దున అరవై ఆరు వస్తోంది, మధ్యాహ్నం ముప్పై ఏడు. ఇంత తేడా ఏందండీ?" అని అడిగింది. స్పీకర్లో విన్నాను. మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.  నిజం చెబుతారేమోనని నేను ఆశపడ్డాను, నా పిచ్చిగానీ!

"ఆవిడకి మధ్యాహ్నం పూట బుర్ర పనిచెయ్యదమ్మా," అన్నారు.

ఆ మాట ఆ సాయంత్రానికే కూతురు వసుధ చెవిన పడింది. కరెంటాఫీసులో ఉద్యోగం, రెండు వీధుల అవతల కాపురం. తల్లంటే ప్రాణం గానీ, భయం వచ్చిందంటే ఆ ప్రాణాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసే రకం. "మధ్యాహ్నం పూట ఇంత అధ్వాన్నంగా ఉంటే పొయ్యి గురించి ఇంకా ఆలోచనేంది నాన్నా? సోమవారం సిలిండరు వెనక్కి ఇచ్చేద్దాం. కనెక్షనే వద్దు," అంది. శేషారత్నం గారు వింటూ నిలబడ్డారు. "అరవై ఆరు వచ్చిందే..." అని ఏదో అనబోయి, ఎవరూ వినకపోయేసరికి గుడ్ల నీరు కుక్కుకుని, వెళ్ళి ఆ చల్లటి పొయ్యినే మళ్ళీ తుడిచింది. నాకు ఆ పూట నన్ను నేను పగలగొట్టుకోవాలనిపించింది.

శనివారం మధ్యాహ్నం ఆవిడ పడుకుంది. మాస్టారికి టీ తాగాలనిపించింది. జేబులోంచి నాబు తీసి పొయ్యికి తగిలించి, పాలగిన్నె పెట్టి వెలిగించారు. టీపొడి డబ్బా మూత తీశారు. పాలు కాగేలోపు ఒక ఆట ఆడదామని నా ముందుకు వచ్చి కూర్చున్నారు. ఇక ముఖాలు, పేర్లు, ఫార్ములాలు. ముప్పై నాలుగు వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టారు. వంటింట్లోంచి పొగ వచ్చింది. నాకు కెమెరా ఉంది, పొగ కనపడుతూనే ఉంది. "పర్వాలేదండీ," అన్నాను. ఏం చెయ్యమంటారు?

దగ్గుకుంటూ లేచి వచ్చింది శేషారత్నం గారే. పొయ్యి ఆపి, కిటికీలు తెరిచి, మాడిన గిన్నెను నీళ్ళలో వేసింది. మాస్టారు అప్పుడు తేరుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నడుం మీద చేతులు పెట్టుకున్నారు.

"మళ్ళీనా రత్నం! పొయ్యి ఎందుకు వెలిగించావు?" అన్నారు. అబద్ధమాడుతున్నట్టు లేదు ఆయన ముఖం. నిజంగానే అడుగుతున్నారు. నాకు అప్పుడు భయం వేసింది.

పొయ్యి ఆపుతుంటే ఊడొచ్చిన నాబు ఆవిడ చేతిలో ఉంది. దానికేసి చూసింది. ఆయన జేబుకేసి చూసింది. పక్కన మూత తీసి ఉన్న టీపొడి డబ్బా చూసింది. 

"ఏమండీ, నేను టీ తాగను," అంది.

"అయితే?"

"నేను కాఫీ మనిషిని. ఆ రోజు పాలు మాడినప్పుడు కూడా ఈ డబ్బా మూత ఇట్టాగే తీసి ఉంది. అది కూడా నేనే తీసి మరిచిపోయాననుకున్నా." ఆవిడ డబ్బా మూత పెట్టింది. "మూడు నెలలు దాటిందండీ. ఇల్లు తగలబెట్టబోయానని రోజూ నన్ను నేనే తిట్టుకున్నా. మీ జేబులో నాబులు చప్పుడైనప్పుడల్లా చచ్చిపోయినంత పనైంది నాకు."

మాస్టారు జేబు తడుముకున్నారు. అందులో ఒక్క నాబే ఉంది. గుమ్మం పట్టుకుని అలాగే కింద కూలబడ్డారు. "నాకు గుర్తులేదు రత్నం," అన్నారు. ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. కాసేపటికి, "వసుధకి చెప్పకు," అన్నారు. ఆవిడ చేతిలో ఉన్న నాబు తెచ్చి ఆయన జేబులోనే వేసి, కాఫీ కూడా లేకుండా వెళ్ళి పడుకుంది.

ఆదివారం ఫిలోమినా వచ్చింది, వసుధ కూడా వచ్చింది. నన్ను బల్ల మీద మధ్యలో పెట్టారు. ఫిలోమినా అంకెలన్నీ చదివి, "ఇది ఒకే మనిషి ఆడినట్టు లేదండీ," అంది.

"ఒకే మనిషి కాకపోతే ఇంట్లో ఇంకెవరాడతారు?" అంది వసుధ. "మధ్యాహ్నమయ్యేసరికి అమ్మకి ఏమీ తెలియట్లా. నేను సిలిండరు అబ్బాయికి ఇప్పుడే ఫోను చేస్తా."

మాస్టారు నేల చూపులు చూస్తున్నారు. శేషారత్నం గారు ఆయన్నే చూస్తోంది. చెబుతారేమోనని ఆగింది. వసుధ ఫోను చెవిన పెట్టుకునేదాకా ఆగింది. ఇక ఆగలేదు.

"మాస్టారూ!" అంది. పెళ్ళయి నలభై ఆరేళ్ళయింది, ఆవిడ ఆయన్ను అలా పిలవగా నేను వినలేదు, వాళ్ళమ్మాయి కూడా వినలేదు. "క్లాసులో తప్పు చేసినవాళ్ళని ఏమనేవారు మీరు? ఎవరైతే చేశారో వాళ్ళే లేచి నిలబడండి అనేవారు కదూ? లేవండి."

 చక్రధరరావు గారు లేచారు. బల్ల పట్టుకుని నిలబడ్డారు. జేబులోంచి నాబులు రెండూ తీసి నా పక్కన పెట్టారు.

"మధ్యాహ్నం రాసింది నేనమ్మా. పాలు మాడ్చింది కూడా నేనే. రెండుసార్లూ," అన్నారు. ఆ పెద్దమనిషి ఎన్ని వేలమంది పిల్లల్ని అలా నిలబెట్టాడో గానీ, నిలబడితే ఎలా ఉంటుందో డెబ్బై నాలుగేళ్ళకు తెలిసింది. వసుధ ఫోను కట్టేసింది. తరవాత తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఫిలోమినా మాత్రం నన్ను తీసుకుని, కొత్త ఫొటో ఎక్కించడానికి కెమెరా ఆయన వైపు తిప్పింది.

మాస్టారి పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు ఆయనకు కూడా ఎనిమిది వారాలు రాశాడు. అందుకని నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. గోడ మీద టైంటేబుల్ తీసేశారు. రోజుకు అరగంటే. ఇప్పుడు నాకు రెండో ఉద్యోగం కూడా వచ్చింది. పొయ్యి వెలిగించినప్పుడల్లా ఆవిడ నాలో అలారం పెడుతుంది. పది నిమిషాలకు నేను మోగితే వచ్చి చూసుకుంటుంది. మూలన బొట్టు బదులు పసుపు మరక పడింది. పోదు, పోకపోయినా పర్వాలేదు. తొంభై ఆవిడకు ఇప్పటికీ రాలేదు. డెబ్బై ఒకటి దగ్గర ఆగింది. పొయ్యి మాత్రం వెలుగుతోంది.

మాస్టారికి నిన్న నలభై ఒకటి వచ్చింది. "ఎంతొచ్చింది?" అని వంటింట్లోంచి ఆవిడ ఎన్నడూ అడగదు. "బెండకాయలు పులుసులో వెయ్యండి, అప్పుడు మర్చిపోరు," అని మాత్రం అంటుంది. ఆయన కళ్ళు మూసుకుని వెయ్యడానికి ప్రయత్నిస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు ప్రపంచమంతా లెక్కలు కట్టి చూపించిన మనిషికి మజ్జిగపులుసు ఎలా చేస్తారో తెలియదు పాపం, ఇప్పుడే నేర్చుకుంటున్నారు.

మధ్యమధ్యలో ఆయన చెయ్యి లాల్చీ జేబులోకి పోతుంది. కంగారుగా, "రత్నం, నాబులేవి?" అంటారు. ఆవిడ గరిటె పక్కన పెట్టి, "ఇవిగోండీ, పొయ్యికే ఉన్నయ్," అని పొయ్యి కేసి చూపిస్తుంది. పది నిమిషాలకు మళ్ళీ అడుగుతారు. మళ్ళీ చూపిస్తుంది. ఇవాళ పొద్దుట్నించి తొమ్మిదిసార్లు అడిగారు, తొమ్మిదోసారి కూడా ఆవిడ మొదటిసారి అడిగినట్టే చెప్పింది. ఆవిడ రెండోసారి అడిగిన ఏ మాటకూ ఆయన అలా జవాబు చెప్పగా నేను వినలేదు. ఆవిడకది గుర్తుందో లేదో నాకు తెలియదు. నాకైతే గుర్తుంది.